తాతల నాటి కథలు, సమాధానపు బాటలు: నాగా కొండల నుండి ఒక పాఠము



ఈ నెల అధ్యయనమునకు ఒక ప్రశ్న తీసుకొందాము. ఒక చిన్న జనము పెద్ద జనముల మధ్య నివసించునప్పుడు, తన పెద్దలు నోటితో చెప్పుకొంటూ వచ్చిన కథలను, పాటలను ఏమి చేయాలి? భద్రపరచుకోవాలని అందరమూ అంటాము. ఆ మాట నిజమే. అయితే భద్రపరచి ఏ పనికి వాడాలి? ఆ కథలు పొరుగువారితో సమాధానముగా బ్రదుకుటకు సహాయపడతాయా, లేక ఆరిపోయిన పగలను మళ్ళీ రాజేస్తాయా? రెండూ జరుగుతాయని నాగా ప్రజల చరిత్ర మనకు చూపిస్తున్నది. ఏది జరుగుతుందన్నది కథను చెప్పేవారి చేతిలో చాలవరకు ఉన్నది. ఈ పాఠములో నేర్చుకోవలసిన ముఖ్య విషయము అదే.

1. మనకూ వారికీ ఉన్న సంబంధము

శామ్యూల్ డే దొర 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడిన సంగతి మీకు తెలుసు. 1878 జూలైలో క్లౌ దొర కాలమున ఒంగోలు ప్రాంతములో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పిల్లలకు సహా తెలుసు. ఆ పనిని నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషనే అస్సాములోనూ పని చేసినది. ఆ మిషను తరఫున ఎడ్వర్డ్ వింటర్ క్లార్క్ దొర 1869లో శిబ్‌సాగర్ చేరారు. ఆయన కంటె ముందుగా గోధుల అను అస్సామీ బోధకుడు కొండెక్కి ఆవో నాగాల గ్రామమునకు వెళ్ళాడు. వేగులవాడేమోనని అనుమానించి గ్రామస్థులు అతనిని ఒక గుడిసెలో కావలిలో ఉంచారు. అతడు లోపల కూర్చుండి పాటలు పాడుచుండగా, వినుటకు జనము గుడిసె చుట్టూ చేరారట. 1872లో మొదటి ఆవో విశ్వాసులు బాప్తిస్మము పొందారు. నోటి పాటనే ప్రాణముగా ఎంచిన జనము దగ్గరకు సువార్త కూడా పాటగానే వెళ్ళినదన్న మాట.

2011 జనాభా లెక్కల ప్రకారము నాగాలాండ్‌లో నూటికి దాదాపు 88 మంది క్రైస్తవులు. వారిలో ఎక్కువ మంది బాప్టిస్టులే. కనుక వీరు మనకు దూరపు బంధువుల వంటివారు.

2. కుక్క తినివేసిన అక్షరములు

నాగా అనగానే ఒకే జాతి, ఒకే భాష అని మనము అనుకొంటాము. నిజానికి ఆవో, అంగామీ, సుమీ, లోథా, తాంగ్‌ఖుల్, మావో మొదలైన అనేక తెగలు ఉన్నవి. ఒక కొండ మీది భాష పక్క కొండవానికి అర్థము కాదు. సంతలో కలిసినప్పుడు అస్సామీ భాష మీద ఆధారపడి పుట్టిన నాగామీస్‌లో మాట్లాడుకొంటారు. భాష కలపని ఇంతమందిని ఏది కలిపినది? చాలావరకు కథలే.

వారి పెద్దలు చెప్పే కథ ఒకటి ఉన్నది. పూర్వము తమకు కూడా లిపి ఉండేదట. దానిని ఒక జంతు చర్మము మీద వ్రాసి గోడకు వ్రేలాడదీస్తే, కుక్క దానిని లాగి తినివేసినదట. ఆనాటి నుండి చెప్పవలసినదంతా నోటితోనే చెప్పుకొని, జ్ఞాపకములోనే దాచుకోవలసి వచ్చినదట. ఆవోలే గాక ఈశాన్యములోని మరికొన్ని తెగలవారు కూడా ఈ కథను కొద్దిపాటి తేడాలతో చెబుతారు.

ఇది పిల్లలను నవ్వించే కథగా కనబడవచ్చును. కాని చదువు రానివారని బయటివారు చిన్నచూపు చూసినప్పుడు ఈ కథ వారికి తలయెత్తుకొని నిలిచే బలమిచ్చినది. “మాకు లేకపోవుట కాదు, పోగొట్టుకొన్నాము. పోయినదానిని నోట నిలుపుకొన్నాము” అని అది చెబుతున్నది. కథ వలన ఒక జనమునకు కలిగే మొదటి మేలు ఇదే. తాము ఎవరో తమకు తెలుస్తుంది.

3. మొరంగ్ అను నోటి బడి

పూర్వము నాగా గ్రామములలో యువకులు రాత్రులు కలిసి పడుకొనే పెద్ద ఇల్లు ఉండేది. దానిని బయటివారు మొరంగ్ అన్నారు. ఆవోలు ఆరిజు అంటారు. ఊరి కాపలాకు అదే ఠాణా. వంశముల పేర్లు, వలస వచ్చిన దారి, పొలముల హద్దులు, ఏ ఊరితో స్నేహము, ఏ ఊరితో వైరము, ఇవన్నీ పెద్దల నోట విని, పాటలుగా వల్లించి నేర్చుకొనే బడి కూడా అదే. బోధన పద్ధతులు చదివిన మనము “వినుట, తిరిగి చెప్పుట, కలిసి చెప్పుట” అని మూడు మెట్లు చెబుతాము. ఆ మూడూ ఆ ఇంట్లో ఉండేవి.

క్రైస్తవ్యము వచ్చిన తరువాత ఈ ఇండ్లు క్రమముగా మూతపడ్డాయి. తల నరుకు యుద్ధములతోను, బియ్యపు సారాతోను, పాత ఆరాధనలతోను వాటికి సంబంధమున్నదని మిషనరీలు వాటిని ప్రోత్సహించలేదు. అధికారియైన జె.పి. మిల్స్ 1926లో ప్రచురించిన ఆవో నాగాల గ్రంథములో ఈ విషయమై మిషనును విమర్శించాడు. ఇంకొక వైపు అదే మిషను ఆ భాషలకు లిపినిచ్చి, బడులు పెట్టినది. 1911లో వెలువడిన క్లార్క్ దొర ఆవో నిఘంటువు ఆ భాషకు ఒక భాండాగారము. కలుపు తీయునప్పుడు కొంత పైరు కూడా పోయినది, కొంత కొత్త పైరు నాటబడినది. న్యాయముగా చెప్పవలెనంటే రెండూ చెప్పాలి.

పోయినదానిని తిరిగి ఏరుకొన్నవారు కూడా ఆ సంఘములలోనే పుట్టారు. తెంసులా ఆవో అను రచయిత్రి 1985-86లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఉన్నప్పుడు, అక్కడి ఆదివాసులు తమ నోటి సంప్రదాయమును కాపాడుకొను తీరు చూశారు. స్వదేశము వచ్చి దాదాపు పన్నెండేండ్లు శ్రమించి, తన వారి కథలను, ఆచారములను సేకరించి 1999లో ఆవో నాగా మౌఖిక సంప్రదాయము మీద గ్రంథము ప్రచురించారు. 2007లో పద్మశ్రీ, 2013లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఈమె 2022లో కన్నుమూశారు.

4. ఖెజాకెనో రాయి

ఇప్పుడు సమాధానము సంగతికి వద్దాము. నాగాలాండ్‌లోని ఫేక్ జిల్లాలో, మణిపూర్ సరిహద్దున ఖెజాకెనో అను గ్రామము ఉన్నది. అక్కడి ఒక బల్లపరుపు రాయిని గూర్చి తరతరములుగా చెప్పే కథను హట్టన్ అను అధికారి 1921లో అచ్చు వేయించాడు. సారాంశము ఇది.

ఒక ముసలి దంపతులకు ముగ్గురు కుమారులు. వారికి ఒక మహిమ గల రాయి ఉండేది. ప్రొద్దున దాని మీద వడ్లు ఆరబోస్తే సాయంకాలమునకు రెండింతలు అయ్యేవి. అన్నదమ్ములు వంతులు వేసుకొని వాడుకొనేవారు. ఒకనాడు వంతు నాదంటే నాదని తగువు పుట్టినది. మాటా మాటా పెరిగినది. బిడ్డలు ఒకరినొకరు చంపుకొంటారేమోనని తల్లిదండ్రులు భయపడ్డారు. రాయి మీద కట్టెలు పేర్చి నిప్పు పెట్టారు. ఉరుము వంటి శబ్దముతో రాయి పగిలినది. అందులోని శక్తి పొగతో పైకి వెళ్ళిపోయినది. ఆ తరువాత ముగ్గురూ మూడు దారుల వెళ్ళి అంగామీ, సుమీ, లోథా తెగలకు మూలపురుషులైనారు.

ఈ కథను నెమ్మదిగా చూడండి. మూడు తెగలు అన్నదమ్ముల బిడ్డలని చెబుతున్నది. అది ఒకటి. వారు విడిపోవుటకు కారణము బయటి శత్రువు కాదు, ఇంటి తగువేనని ఒప్పుకొంటున్నది. అది రెండు. బిడ్డల ప్రాణము కంటె సంపద ఎక్కువ కాదని తల్లిదండ్రులు రెండింతలు చేసే రాయినే పగులగొట్టారు. అది మూడు. సమాధానమునకు వెల ఉన్నదని, ఎవరో ఒకరు దానిని చెల్లించాలని ఇంతకంటె సూటిగా చెప్పే కథ మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

5. ఒకే కథకు రెండు దారులు

మణిపూర్‌లోని మావో నాగాల ప్రాంతములో మఖేల్ అను స్థలము ఉన్నది. అనేక తెగల పితరులు అక్కడ నుండియే విడిపోయారని చెబుతారు. అక్కడొక అడవి బేరి చెట్టును, నిలువురాళ్ళను గుర్తుగా చూపుతారు. ఒకే తల్లికి పులి, ఆత్మ, మనుష్యుడు అను ముగ్గురు కుమారులు పుట్టారని కూడా అక్కడి కథ. మనుష్యునికి ఊరు, పులికి అడవి వంతుకు వచ్చినవట. పులిని చంపినప్పుడు అంగామీ గ్రామములో పెద్దన్న మరణించాడని చాటి ఒక దినము పని మాని ఉండేవారని హట్టన్ వ్రాశాడు. చంపినదానిని కూడా అన్న అని పిలిచి దుఃఖించుట ఎంత లోతైన సంగతి!

అయితే ఇదే నోటి సంప్రదాయములో వేరొక పాయ కూడా ఉన్నది. ఫలానా ఊరి మీద మా తాత ఎన్ని తలలు తెచ్చాడు, ఫలానా వారు మమ్మును ఎలా మోసగించారు అని చెప్పే పాటలు అవి. వాటిని విని పెరిగిన యువకునికి పొరుగూరు పగవాని ఊరే. మూలస్థానపు కథను సహా భూమి మీద హక్కుకు సాక్ష్యముగా లాగవచ్చును. డ్జూకో లోయ పక్క అడవుల విషయమై మావోలకు, దక్షిణ అంగామీలకు మధ్య దీర్ఘకాలముగా వివాదము ఉన్నది. ఇద్దరూ ఒకే పితరుని సంతానమని చెప్పుకొనేవారే.

కథ తగువును ఆపలేదు గదా అని మీరు అడగవచ్చును. ఆపలేదు. కాని తగువు వచ్చినప్పుడు వెళ్ళి కూర్చుండుటకు ఒక చోటు ఇచ్చినది. ఆ ఒకే పితరుని సంతానమని చెప్పుకొనే తెగలన్నిటికి టెన్యిమీ అను ఉమ్మడి సంస్థ ఉన్నది. మధ్యవర్తిత్వమునకు ఆ సంస్థ పూనుకొన్నది. ఉమ్మడి కథ లేని చోట మధ్యవర్తిని పిలుచుటకు ఉమ్మడి పేరు కూడా ఉండదు.

6. కథను పట్టుకొని నిలబడినవారు

కథ తనంతట తాను సమాధానము చేయదు. దానిని నమ్మి మధ్యకు వెళ్ళే మనుష్యులు కావాలి. తాంగ్‌ఖుల్ నాగాలలో పూర్వము ఒక ఆచారము ఉండేది. ఒక ఊరిలో పుట్టి వేరొక ఊరిలో మెట్టిన స్త్రీని పుఖ్రెయిలా అనేవారు. రెండు ఊళ్ళు యుద్ధమునకు దిగితే ఆమె మధ్యకు వెళ్ళి ఆపవచ్చును. ఆమె మీద ఎవరూ చేయి వేయరాదు. ఒక వైపు అన్నదమ్ములు, ఇంకొక వైపు భర్త, బిడ్డలు. రెండు వైపులా తన రక్తమే గనుక ఆమె మాటకు విలువ.

ఆ జ్ఞాపకము చచ్చిపోలేదు. 1984లో ఏర్పడిన నాగా తల్లుల సంఘము, నాగా సాయుధ వర్గములు ఒకరినొకరు కాల్చుకొంటున్న దినములలో, 1994లో ఇక రక్తము చిందించవద్దని ఉద్యమము ఆరంభించినది. ఆ తల్లులు ఇరువైపుల శిబిరములకు నడిచి వెళ్ళి మాట్లాడారు. 2008లో సంఘ పెద్దల పూనికతో నాగా సమాధాన వేదిక ఏర్పడినది. బాప్టిస్టు వేదాంత పండితుడైన వాతి ఐయర్ దానికి నాయకత్వము వహించారు. బ్రిటన్ క్వేకర్లు, అమెరికన్ బాప్టిస్టులు తోడ్పడ్డారు. 2009 జూన్ 13న పరస్పరము విరోధులైన వర్గముల పెద్దలు సమాధాన నిబంధన మీద సంతకములు చేశారు. అన్ని సమస్యలు తీరలేదు. రాజకీయ పరిష్కారము కొరకు 2015లో కుదిరిన ఒప్పందము తరువాత కూడా ఎదురుచూపు మిగిలినది. అయినను ఒకే ఇంటివారమన్న మాట లేకుండా ఆ బల్ల దగ్గర వారు కూర్చుండేవారు కారు.

7. కథ చాలని దినము

ఇక్కడ మనము జాగ్రత్తగా ఉండాలి. మణిపూర్‌లో లోయలోని మైతేయిలు, కొండలలోని తాంగ్‌ఖుల్‌లు అన్నదమ్ములని చెప్పే కథలు ఉన్నవి. మైతేయిల లాయి హరావోబా ఉత్సవములో తాంగ్‌ఖుల్ వేషము వేసి ఆడే ఘట్టము ఒకటి ఉన్నది. మేరా నెల పున్నమినాడు కొండ గ్రామముల పెద్దలు, లోయవారు కానుకలు ఇచ్చి పుచ్చుకొనే మేరా హౌచోంగ్బా పండుగ నేటికీ జరుగుతున్నది. అటువంటి రాష్ట్రములోనే 2023 మే 3న మైతేయి, కుకీ-జో ప్రజల మధ్య హింస చెలరేగినది. 250 మందికి పైగా మరణించారు. దాదాపు 60,000 మంది ఇండ్లు విడిచిపోయారు. గుడులు, చర్చిలు కాలిపోయాయి.

భూమి, రిజర్వేషన్లు, అధికారము, ఆయుధములు ముందుకు వచ్చినప్పుడు పండుగ ఒక్కటే మనుష్యులను ఆపలేదు. ఆ దినములలో పుకార్లు కూడా నోటి మాటగానే, చేతిలోని ఫోను ద్వారా పరుగెత్తాయి. నోటి మాటకు ఆ శక్తి కూడా ఉన్నది. నిప్పు అంటుకొన్న తరువాత బావి త్రవ్వలేము. సమాధానపు కథలు సమాధానముగా ఉన్న దినములలోనే చెప్పుకోవాలి. వాటితో పాటు న్యాయము కూడా జరగాలి.

8. రెండు పేర్ల రాళ్ళ కుప్ప

ఆదికాండము 31వ అధ్యాయము చివరి భాగము చదవండి. యాకోబు, లాబాను ఒకరినొకరు నమ్మని స్థితిలో ఒక రాళ్ళ కుప్ప వేసి, కీడు చేయుటకు దీనిని దాటి రామని ఒప్పందము చేసుకొన్నారు. లాబాను ఆ కుప్పకు తన భాషలో యగర్ శాహదూతా అని పేరు పెట్టాడు. యాకోబు తన భాషలో గలేదు అని పిలిచాడు. రెండింటి అర్థము ఒకటే, సాక్ష్యపు కుప్ప. నీ భాష మాని నా భాషలో పిలువుమని ఎవరూ అడుగలేదు. కుప్ప ఒకటే, పేర్లు రెండు. ఇద్దరూ అక్కడే కూర్చుండి భోజనము చేశారు. పొరుగు భాషవారి నడుమ బ్రదికే మనకు ఇంతకంటె దగ్గర వాక్యభాగము దొరకదు.

9. మన సంఘములకు

బెంగుళూరు, కోలారు, హోసూరు, చెన్నై, బరంపురము, షోలాపూరు, ముంబయి వంటి చోట్ల మన తెలుగువారు తరములుగా ఉన్నారు. నాగాల కథ నుండి మనము మూడు పరీక్షలు తీసుకోవచ్చును.

మొదటిది, మనము చెప్పే కథలో మన ఇంటి తగువుకు కూడా చోటున్నదా? ఖెజాకెనో కథ తన పితరుల తగువును దాచలేదు. మనవారెప్పుడూ మంచివారు, ఇతరులెప్పుడూ చెడ్డవారు అని చెప్పే కథ పిల్లవానికి గర్వము నేర్పుతుంది గాని జ్ఞానము నేర్పదు.

రెండవది, ఆ కథలో పొరుగువానికి చోటున్నదా? మన తాతలు గనులకు, మగ్గములకు, రైలు పనులకు, కూలికి వచ్చిన కథ ప్రతి ఇంటిలో ఉన్నది. వారిని అవమానించినవారు ఉండవచ్చును. వారికి మొదటి రాత్రి తలదాచుకొనుటకు చోటిచ్చిన కన్నడ అమ్మ, తమిళ మేస్త్రీ, ఒడియా రైతు, మరాఠీ ఇంటివారు కూడా ఉండి ఉంటారు. మనము ఎక్కువగా ఏ కథ చెబుతున్నాము? అవమానము నిజమైతే దానిని దాచవద్దు. మేలు నిజమైతే దానిని కూడా దాచవద్దు.

మూడవది, ఆ కథను నమ్మి మధ్యకు వెళ్ళేవారు ఉన్నారా? భాష పేరుతో ఊరిలో గొడవ లేచిన దినమున ఇరువైపులా మాట్లాడగలవారు ఎవరు? పొరుగు భాష కుటుంబములలో నుండి మన ఇండ్లకు వచ్చిన కోడండ్రు, ఆ కుటుంబములకు మనమిచ్చిన ఆడబిడ్డలు మన పుఖ్రెయిలాలు కాగలరు. వారిని పరాయివారిగా చూడక, రెండు భాషల వరముగా ఎంచుదాము.

చేయవలసిన పని కష్టమైనది కాదు. ప్రతి సంఘములో ఎనభై దాటిన పెద్దల పేర్లు వ్రాసుకోండి. యౌవనస్థులు ఇద్దరేసి వెళ్ళి వారు వచ్చిన దారి, పాడుకొన్న లాలిపాటలు, దంపుళ్ళ పాటలు, సామెతలు, పొడుపు కథలు సెల్‌ఫోనులో రికార్డు చేయాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వ్రాయాలి. వారి అనుమతి లేకుండా ఎవరికీ పంపరాదు. తెలుగు చదువ రాని మన పిల్లలకు నోటి తెలుగే మొదటి మెట్టు. అక్షరము తరువాత వస్తుంది. ఆ కథలలో రెండు మూడింటిని పొరుగు భాషలోకి మార్చి, పొరుగువారిని పిలిచి వినిపించండి. వారి అవ్వలు చెప్పే కథలు కూడా విని రండి. ఆరు నెలలకొకసారి ఇటువంటి సాయంకాలము పెట్టుకొనుటకు పెద్ద ఖర్చు కాదు.

పెద్దలు ఎక్కువ కాలము మన మధ్య ఉండరు. ఒక పెద్ద కన్నుమూసినప్పుడు ఒక మొరంగ్ మూతపడినట్టే. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఎవరి ప్రక్కన కూర్చుండి అడగాలో మీకు తెలిసే ఉంటుంది.

చర్చకు ప్రశ్నలు

1. ఖెజాకెనో కథలో తల్లిదండ్రులు చేసినది సరియేనా? రాయిని పగులగొట్టకుండ వేరే మార్గము ఉన్నదా?

2. మీ ఇంటిలో పొరుగు భాషవారిని గూర్చి చెప్పుకొనే కథ ఒకటి జ్ఞాపకము చేసుకోండి. ఆ కథ వారి చెవిని పడితే మీరు సిగ్గుపడతారా, సంతోషిస్తారా?

3. మీ కుటుంబము ఈ ఊరికి వచ్చినప్పుడు మొదట సహాయము చేసినవారెవరు? వారి పేరు మీ పిల్లలకు తెలుసా?

4. పిల్లలకు చెప్పకూడని పాత కథలు ఉంటాయా? లేక ప్రతి కథనూ చెప్పి, దాని నుండి నేర్చుకోవలసినది కూడా చెప్పాలా?

5. కుప్ప ఒకటి, పేర్లు రెండు. మీ ఊరిలో ఇరు భాషలవారు కలిసి చేయగల పని ఒకటి చెప్పండి.